మూడు నెలల షుగర్ 6.1 వచ్చిందని నాన్నగారు మాత్రలు ఆపేశారు, ఏది నమ్మాలి?

ఒడిశాలోని గుణుపురం నుంచి అడిగారు, ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత ముందు చెప్తాను. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, నాలుగేళ్ళుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు. పోయిన వారం పరగడుపున 186, తిన్నాక 274 వచ్చాయి, అదే రోజు చేసిన మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, మాత్రం 6.1 వచ్చింది. ఆ 6.1 చూసుకుని ఆయన "నాకేటయ్యింది, నొప్పి లేదు, నలత లేదు" అని మాత్రలు గూట్లో పెట్టేసి పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగుతున్నారు. ఏ అంకె నమ్మాలి, నొప్పే లేని జబ్బు లోపల ఏం పాడుచేస్తుంది అన్నది మీ ప్రశ్న. చివర్లో మీ మేనత్త కొడుక్కి సికిల్‌సెల్, అంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, ఉందని కూడా రాశారు. మీరు ఊరికే రాశారేమో, మొత్తం ప్రశ్నలో నా కన్ను ఆగింది అక్కడే.

నేను డాక్టర్ని కాదు. పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్ని, 1998 నుంచి ఇదే పని, ఇటు గజపతి జిల్లా వాళ్ళూ అటు ఆంధ్రాలో పాతపట్నం వైపు వాళ్ళూ నా ముందు చెయ్యి చాపినవాళ్ళే. 2011 నుంచి నాకూ షుగరే. ముందు ఒక్క మాట చెప్పి మిగతాది తీరిగ్గా చెప్తాను: ఆ 6.1ని నమ్మి మాత్రలు ఆపడం తప్పు. ఈ వారంలోనే డాక్టరుకి మూడు అంకెలూ కలిపి చూపించి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించండి.

హెచ్‌బీఏ1సీ అంటే ఏమిటో తెలిస్తే సగం తికమక పోతుంది. బెల్లం పాకంలో మరమరాలు వేస్తే పాకం గింజకి పట్టుకుంటుంది కదా. రక్తంలో తిరిగే చక్కెర కూడా ఎర్ర కణంలో ఉండే హిమోగ్లోబిన్‌కి అలాగే పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఆ కణం చచ్చేదాకా వదలదు. పాకం చిక్కగా ఉంటే ఎక్కువ పడుతుంది, గింజ పాకంలో ఎక్కువసేపు నానినా ఎక్కువ పడుతుంది. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అందుకే దాన్ని మూడు నెలల షుగర్ అంటున్నాం. ఏ1సీ 6 అయితే సగటు షుగర్ 126, 7 అయితే 154, 8 అయితే 183. ఈ లెక్కన మీ నాన్నగారి 6.1కి సగటు 128 ఉండాలి. పరగడుపునే 186, తిన్నాక 274 ఉన్న మనిషికి సగటు 128 ఎక్కణ్ణుంచి వస్తుంది? అంటే ఒక అంకైనా తప్పయి ఉండాలి, లేకపోతే రెండూ వేరే వేరే రోజుల సంగతి చెప్తూ ఉండాలి.

వేరే రోజుల సంగతి అన్నాను కదా, అది ముందు తేల్చుకోండి. ఈ మధ్య మోకాలికో నడుముకో ఆయన ఎక్కడైనా సూది వేయించుకున్నారేమో అడగండి. నొప్పి చిటికెలో పోయే ఆ సూదుల్లో చాలాసార్లు స్టీరాయిడ్ ఉంటుంది, అది పడ్డాక కొన్ని రోజుల పాటు షుగర్ ఒక్కసారిగా పైకి పోతుంది. అలాంటప్పుడు ఇవాళ్టి రక్తంలో 274 కనిపిస్తుంది కానీ మూడు నెలల సగటు ఇంకా కదలదు. ఆయాసానికి, దురదకి, కీళ్ళకి మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే చిన్న చిన్న మాత్రల్లో కూడా ఇదే మందు ఉండొచ్చు, పేరు అడగకుండా మింగేవాళ్ళు మన వైపు కొల్లలు.

సూది లేదు, కొత్త మందు లేదు అంటే అప్పుడు సికిల్‌సెల్ వైపు చూడాలి. ఆ జబ్బులో ఎర్ర కణం 120 రోజులు బతకదు, పది ఇరవై రోజులకే పగిలిపోతుంది. గింజ పాకంలో పడీ పడకముందే తీసేసినట్టన్నమాట, ఎంత చిక్కటి పాకమైనా పట్టేది కొంచెమే. రక్తంలో చక్కెర బోలెడు ఉన్నా ఏ1సీ తక్కువ చూపిస్తుంది. అయితే పూర్తి జబ్బు ఉంటే 58 ఏళ్ళ వరకు తెలియకుండా ఉండటం అరుదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే జన్యువు వచ్చిన క్యారియర్ అయి ఉండే అవకాశం ఎక్కువ. క్యారియర్లలో కణాలు దాదాపు మామూలుగానే బతుకుతాయి, ఇంత పెద్ద తేడా దానివల్లే రాదు, కానీ కొన్ని మెషీన్ల పద్ధతికి ఆ జన్యువు వల్ల తయారయ్యే ఎస్ రకం హిమోగ్లోబిన్ అడ్డం వచ్చి అంకె తప్పు వస్తుంది. జీ6పీడీ లోపం, తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు ఉన్నా, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నా, బాగా రక్తం పోయినా ఏ1సీ అలాగే కిందికి జారుతుంది. ఐరన్ తక్కువై రక్తం పట్టనివాళ్ళలో దీనికి తిరగబడి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆడవాళ్ళ రిపోర్టుల్లో ఇది నేను ఎక్కువ చూశాను.

సికిల్‌సెల్ కొండల మీద వాళ్ళకే వస్తుంది, మనకి రాదు అని మన తెలుగు ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. తప్పు. ఒడిశా దక్షిణ, పడమటి జిల్లాల్లో చాలా కులాల్లోనూ కనిపిస్తుంది, పైగా మీ ఇంట్లోనే ఒకరికి ఉంది. ఆ అబ్బాయికి జబ్బు వచ్చిందంటే మీ మేనత్తకి ఆ జన్యువు ఉన్నట్టే, ఆవిడ తోబుట్టువైన మీ నాన్నగారికీ ఉండొచ్చు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్‌లో ఊరూరా చేసే పరీక్షలు 40 ఏళ్ళలోపు వాళ్ళకే, మీ నాన్నగారి వయసు వాళ్ళని ఎవరూ పిలవరు, మనమే అడిగి చేయించుకోవాలి. ఆ ఏ1సీ రిపోర్టుకి రెండో పేజీలో గుట్టలు గుట్టలుగా గ్రాఫ్ ఏదైనా ఉందేమో చూడండి. హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేస్తే ఆ గ్రాఫ్ వస్తుంది, అందులో ఎస్ అని విడిగా ఒక గుట్ట కనిపిస్తే ల్యాబ్ వాళ్ళే చెప్పాల్సింది. చాలామంది ఆ పేజీ ప్రింట్ కూడా ఇవ్వరు, అడిగి తీసుకోండి.

ఇక తీపి ముట్టని మనిషికి షుగర్ ఎలా వచ్చింది, నొప్పి ఎందుకు లేదు అన్నదానికి వస్తాను.

ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ 100 అంటే ఆ మొత్తం రక్తంలో కరిగి ఉన్న చక్కెర ఐదు గ్రాములు, అంటే ఒక్క టీ చెంచా. 300 అంటే మూడు చెంచాలు. ఇంతే తేడా. మీ నాన్నగారు మధ్యాహ్నం పళ్ళెం నిండా పెట్టుకునే అన్నం అరిగితే పదిహేను ఇరవై చెంచాల చక్కెరతో సమానం, అదంతా రక్తంలోకి దిగి, మళ్ళీ రెండు గంటల్లో కండల్లోకీ కాలేయంలోకీ సర్దుకుని, రక్తంలో ఒక్క చెంచానే మిగలాలి. ఆ సర్దే పని ఇన్సులిన్‌ది. క్లోమం దాన్ని తయారు చేస్తుంది. పొట్ట చుట్టూ, కాలేయం మీద కొవ్వు పేరుకుంటే కండలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి, క్లోమం రెట్టింపు పనిచేసి కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, తర్వాత అలసిపోతుంది. షుగర్ బయటపడేనాటికే ఇన్సులిన్ తయారీ సుమారు సగానికి పడిపోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. మన వాళ్ళకి చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకు ఉంటుంది చూశారా, "ఎక్కడుంది బాబూ నాకు లావు" అంటారు, ఆ పొట్టే చాలు.

పరగడుపు షుగర్ గురించి కూడా అందరూ అడుగుతారు, రాత్రి రెండు రొట్టెలే తిన్నాను, పొద్దున్నకి 186 ఎలా అయిందని. రాత్రంతా మనం తినకపోయినా మెదడుకి చక్కెర కావాలి కాబట్టి కాలేయం తన నిల్వలోంచి కొంచెం కొంచెం వదులుతూ ఉంటుంది. ఇక చాలు అని చెప్పేది ఇన్సులినే. ఆ మాట గట్టిగా వినపడకపోతే కాలేయం తెల్లవార్లూ వదులుతూనే ఉంటుంది. రాత్రి తిండి మానేసి పొద్దున్న షుగర్ తగ్గించుకుందామనుకునేవాళ్ళు అందుకే నిరాశపడతారు.

నేను పనిలో చేరిన కొత్తలో మూత్రం పరీక్షే ఎక్కువ. గాజు గొట్టంలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరగబెట్టేవాళ్ళం. చక్కెర లేకపోతే నీలం అలాగే ఉంటుంది, ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, బాగా ఎక్కువైతే ఇటుక రంగు. నీలం వస్తే జనం దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. కానీ మూత్రపిండాలు రక్తంలో చక్కెర సుమారు 180 దాటేదాకా దాన్ని బయటికి వదలవు. అంటే 170తో పదేళ్ళు తిరిగినా నీలమే, దాహం లేదు, రాత్రిళ్ళు లేవడం లేదు, మూత్రానికి చీమలు పట్టడం లేదు. మీ నాన్నగారు "బాగానే ఉన్నాను" అనేది ఆ నీలం రంగు లాంటిదే.

కానీ ఆ 170 ఊరుకోదు. కదలకుండా ఉన్నప్పుడు కండలు ఇన్సులిన్ లేనిదే చక్కెరని లోపలికి రానివ్వవు. కంటి వెనక రెటీనాలోని సన్నటి నాళాలు, మూత్రపిండంలో వడపోసే జల్లెడ, నరాలు, వీటికి అలా ఆపుకునే ఏర్పాటు సరిగా లేదు. రక్తంలో ఎంత ఉంటే అంతా లోపలికి వస్తుంది, ఏళ్ళ తరబడి చక్కెర పట్టి ఆ నాళాల గోడలు చెడతాయి. కంట్లో చిన్న చిన్న రక్తపు చుక్కలు పడినా చూపు మధ్య భాగం చెడేదాకా మనకి తెలియదు. కిడ్నీల విషయంలో ఇంకా మోసం, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి కనిపించేనాటికి సగం పని పోయి ఉంటుంది, అందుకే దానికంటే ముందు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూడాలి. అది 30 దాటిందంటే జల్లెడకి చిల్లు పడుతోందన్నమాట, ఆ దశలో పట్టుకుంటే బీపీ, షుగర్ అదుపులో పెట్టి చాలా ఏళ్ళు నిలబెట్టొచ్చు. మగవాళ్ళు ఎవరితోనూ చెప్పుకోని పడకగది ఇబ్బంది కూడా ఈ నాళాలు, నరాల దెబ్బే, దానికి సిగ్గుపడి పసరు మందుల దగ్గరికి పోకుండా డాక్టరుతో చెప్పాలి. గుండెపోటు కూడా షుగర్ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుంది. క్షయ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు, తగ్గని దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి.

పాదాల గురించి ఒకటి చెప్పాలి. నాలుగైదేళ్ళ క్రితం ఒకాయన రక్తం ఇవ్వడానికి వచ్చారు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి నడిచారు. తెల్ల టైల్స్ మీద ఎడమ పాదం వేసిన చోటల్లా ఎర్రటి మరక, రూపాయి బిళ్ళంత. నేను కంగారుపడి కుర్చీలో కూర్చోబెట్టి పాదం ఎత్తి చూస్తే తుమ్మ ముల్లు సగం విరిగి మడమ పక్కన దిగి ఉంది, చుట్టూ చర్మం అప్పటికే తెల్లగా నాని ఉంది, అంటే అది ఆ రోజు ముల్లు కాదు. ఆయన నా మొహం చూసి "ఏటి బాబూ?" అని అడిగారు. ముల్లు పీకుతుంటే కూడా మామూలుగా మాట్లాడుతూనే ఉన్నారు. అంతకుముందు రెండేళ్ళు అరికాళ్ళు మంటలని తిరిగారట, తర్వాత మంటలు వాటంతటవే తగ్గిపోయాయని సంతోషించారట. మంట పోయింది నయమై కాదు, నరం చచ్చి. నొప్పి లేదు అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఆ మరకలే గుర్తొస్తాయి.

చోడి అంబలి సంగతి. చోళ్ళు మంచివే, బియ్యం కంటే పీచు చాలా ఎక్కువ, కాల్షియం ఎక్కువ, మా ఇంట్లోనూ వాడతాం. కానీ వంద గ్రాముల చోడి పిండిలో పిండి పదార్థం అరవై అయిదు గ్రాములు దాటుతుంది, బియ్యం కంటే కొంచెమే తక్కువ. పల్చగా కాచిన అంబలి నమలక్కర్లేకుండా జారిపోతుంది, షుగర్ కూడా అంతే తొందరగా పెరుగుతుంది. అన్నం తగ్గించి ఆ చోటులో ఒక గ్లాసు అంబలి తాగితే లాభం, అన్నం మీద అదనంగా తాగితే నష్టం, అందులో బెల్లం ముక్క వేస్తే చెప్పక్కర్లేదు. మన వైపు ఎండాకాలం గంజన్నం, పఖాళ మానమంటే ఎవరూ మానరు, నేనూ మానలేదు, గిన్నె చిన్నది చేశాను, పక్కన పప్పో చేపో ఆకుకూరో పెద్దది చేశాను. ముందు కూర, పప్పు తిని చివర్లో అన్నం తింటే తిన్నాక వచ్చే అంకె తగ్గుతుంది, నా మీదే చేసి చూసుకున్నాను. తిన్న వెంటనే పావుగంట నడవండి, నడిచే కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా చక్కెర లాక్కుంటుంది. కాకర రసం, నేరేడు గింజల పొడి తాగేవాళ్ళతో నేను గొడవపడను, మాత్ర మానకపోతే చాలు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో పొడి మాత్రం వద్దు, అలాంటివాటిలో షుగర్ మాత్రలే నూరి కలిపిన సంఘటనలు చాలా చోట్ల బయటపడ్డాయి.

మాత్రలు కిడ్నీలు తినేస్తాయన్న భయం మీ నాన్నగారికీ ఉండే ఉంటుంది, పైకి అనకపోయినా. ఎక్కువమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచెయ్యదు. కిడ్నీ అప్పటికే బాగా తగ్గి ఉంటే మోతాదు తగ్గిస్తారు లేదా ఆపుతారు, దాన్ని జనం తిరగేసి అర్థం చేసుకున్నారు. దానివల్ల ఏళ్ళు గడిస్తే బీ12 తగ్గుతుంది, అది మాత్రం నిజం, ఒకసారి చూపించుకోండి. క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ వదిలించే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర కూడా ఉంటే వేళకి తినాలి, ఖాళీ కడుపున జీలుగు కల్లు తాగితే షుగర్ 70 కిందికి పడి చెమటలు, వణుకు, మాట తడబాటు, చూసేవాళ్ళు తాగి పడిపోయాడనుకుంటారు. తెలివి ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్ళీ చూడాలి.

ఇంకో ఇబ్బంది మన సరిహద్దులో ఉన్నదే. డాక్టరు ఒడియాలో చెప్తారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, పెద్దవాళ్ళకి తెలుగు అక్షరాలే వచ్చు. నేను మాత్రల అట్ట మీద పెన్నుతో పొద్దుటి మాత్రకి సూర్యుడు, రాత్రి మాత్రకి చంద్రుడు, తిన్నాక వేసుకునేదానికి పక్కన చిన్న గిన్నె గీసి ఇస్తాను. నవ్వుకుంటారు కానీ తప్పు వేసుకోరు. ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ఉచిత మందుల పథకం) కౌంటర్లో మాత్రలు ఉచితమే, అట్ట రంగు మారినప్పుడల్లా కొత్త మందనుకుని రెండూ కలిపి వేసుకునేవాళ్ళు ఉన్నారు, అట్ట మారితే మీరే చూడండి.

రక్తం మళ్ళీ పరీక్ష చేయించేటప్పుడు మా వృత్తిలో జరిగే పొరపాట్లు కూడా తెలుసుకోండి. తీసిన రక్తంలో కణాలు బతికే ఉంటాయి, సీసాలోనే చక్కెర తింటూ ఉంటాయి, గంటకి అయిదు నుంచి ఏడు శాతం తగ్గుతుంది. అందుకే షుగర్‌కి బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో తీయాలి, అందులో దాన్ని ఆపే మందు ఉంటుంది. ఎర్ర మూత గొట్టంలో తీసి, గుణుపురం రైల్లో మధ్యాహ్నానికి వచ్చిన శాంపిల్ చూసి 120 అని రాసిన తప్పు నేనూ చేశాను, మర్నాడు ఇక్కడికే రమ్మని తీస్తే 165. ఇంట్లో మెషీన్ ఉంటే వేలు సబ్బుతో కడిగి తుడిచాకే గుచ్చండి. ఒకావిడ పనస తొనలు ఒలిచిన చేత్తో చూసుకుని 340 అని ఏడుస్తూ ఫోన్ చేస్తే, చెయ్యి కడిగి మళ్ళీ చూడమన్నాను, 158.

మీరు చేయించాల్సినవి చెప్తాను. పరగడుపు, తిన్నాక షుగర్ ఇంకోసారి, దగ్గర్లోని ల్యాబ్‌లోనే. హిమోగ్లోబిన్‌తో పాటు పూర్తి రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ రకాల కోసం హెచ్‌పీఎల్‌సీ ఒక్కసారి చేయిస్తే జీవితానికి చాలు. అందులో ఏదైనా తేడా బయటపడితే ఆయనకి ఇక ఏ1సీ చూడటం మానేసి, రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోజమిన్ చేయించమని డాక్టర్ని అడగండి, మన దగ్గర లేకపోయినా పెద్ద ఊళ్ళ ల్యాబ్‌లకి పంపిస్తారు. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, చుక్కల మందు వేసి చేసే కంటి పరీక్ష ఏడాదికోసారి. మీకూ పరగడుపున చూపించుకోండి, తండ్రికి షుగర్ ఉన్నప్పుడు ముప్ఫై దాటాక ఆగకూడదు. సికిల్ పరీక్ష కూడా మీకు పెళ్ళి కాకముందే అయితే మంచిది.

ఇవాళ సాయంత్రం మాత్రం ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చాక వెలుతుర్లో కూర్చోబెట్టి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడండి. కళ్ళు మూసుకోమని, బొటనవేలి కింద మెల్లగా మీ వేలితో తాకి, తాకినప్పుడు చెప్పమనండి. ఎక్కడెక్కడ చెప్పలేదో, ఆ ఏ1సీ రిపోర్టులో పద్ధతి అన్న చోట ఏం రాసి ఉందో రెండూ రాయండి, నేను చూసి చెప్తాను.